ఎక్స్‌ఎంఎల్‌లో లింకు పెడితే & దగ్గర ఫైలంతా ఆగిపోతోంది, ఎవరైనా చెప్పండి

మారతహళ్లి_బ్యాచిలర్
మా ఆఫీసు నుంచి ప్రతి రాత్రి ప్రొడక్టుల ఫీడ్ ఒకటి ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా (డేటాని ట్యాగుల మధ్య పెట్టి రాసే పద్ధతి) తయారై పార్ట్‌నర్ కంపెనీకి వెళ్తుంది. దాదాపు నలభై వేల ప్రొడక్టులు, ఒక్కోదానికి ఒక లింకు. రెండేళ్లుగా ఏ గొడవా లేదు. పోయిన వారం మార్కెటింగ్ వాళ్లు ప్రతి లింకు చివర క్యాంపెయిన్ వివరాలు తగిలించమన్నారు. ముందు ?ఐడీ=451 దగ్గర లింకు అయిపోయేది, ఇప్పుడు ?ఐడీ=451&సోర్స్=మెయిల్&క్యాంపెయిన్=దసరా అని ఉంటోంది (అసలు లింకులో ఇవి ఇంగ్లీషులోనే ఉంటాయి, ఇక్కడ చదవడానికి వీలుగా రాస్తున్నా). అంతే, ఆ రాత్రి నుంచి ఫైలు మొత్తం రిజెక్ట్. ఒక్క ప్రొడక్టు కూడా లోడ్ కావట్లేదు. ఎర్రర్ చూస్తే సోర్స్ అనే ఎంటిటీ రిఫరెన్స్ చివర సెమికోలన్ ఉండాలి అంటోంది, పక్కన లైను నంబరు 14. నేను ఎంటిటీ అనేదే ఎక్కడా వాడలేదు! అదే లింకు కాపీ చేసి బ్రౌజర్‌లో వేస్తే శుభ్రంగా తెరుచుకుంటోంది. ఫైలు తయారుచేసే కోడ్ నాకంటే ముందున్నవాళ్లు జావాలో స్ట్రింగులు (టెక్స్ట్ ముక్కలు) ఒకదాని పక్కన ఒకటి అతికించి రాశారు. శుక్రవారం సాయంత్రానికి సరిచేయాలంటున్నారు, ఆ రాత్రికే ఊరికి బస్ టికెట్ తీసుకున్నా. చాలా టెన్షన్‌గా ఉంది.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
& ఉన్న చోటల్లా %26 (లింకుల్లో దాని కోడు) పెట్టెయ్ బ్రో. రెండు నిమిషాల పని.

క్యూఏ_అక్క
వద్దు, వద్దు. పైన చెప్పింది చేస్తే ఫైలు పాసవుతుంది, లింకు చచ్చిపోతుంది. %26 అంటే "ఈ & విలువలో భాగం, ఇక్కడ విడగొట్టకు" అని సర్వర్‌కి చెప్పడం. అప్పుడు సర్వర్‌కి ఒక్క ఐడీ మాత్రమే కనిపిస్తుంది, దాని విలువ 451 కాదు, "451&సోర్స్=మెయిల్&క్యాంపెయిన్=దసరా" అనే పొడుగాటి తోక. మా టీమ్‌లో ఒకసారి ఇలాగే చేసి ప్రొడక్షన్‌లోకి పంపారు. ఫైలు లోడ్ అయిందని అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు, మర్నాడు కస్టమర్లు ఏ ప్రొడక్టు నొక్కినా "దొరకలేదు" అనే పేజీ. ఫైలు పగిలితే వెంటనే తెలుస్తుంది, లింకు తప్పయితే ఎవరో ఫోన్ చేసేదాకా తెలియదు. నాకు రెండోదే ఎక్కువ భయం.

పాతకాపు
తమ్ముడూ, తప్పు లింకుది కాదు, దాన్ని పెట్టిన చోటుది. ఎక్స్‌ఎంఎల్‌లో & కనిపించగానే పార్సర్ (ఫైలు చదివే ప్రోగ్రాం) "ఇక్కడో ఎంటిటీ మొదలవుతోంది" అనుకుంటుంది (ఎంటిటీ అంటే ఒక అక్షరానికి బదులుగా రాసే పేరు), ఆ తర్వాత ఒక పేరు, చివర సెమికోలన్ కోసం చూస్తుంది. నీ లింకులో & తర్వాత సోర్స్ వచ్చింది, దాన్ని ఎంటిటీ పేరనుకుంది, సెమికోలన్ రావాల్సిన చోట = వచ్చింది. అందుకే నువ్వు వాడని ఎంటిటీ గురించి ఎర్రర్.

బ్రౌజర్‌లో ఎందుకు పనిచేస్తోందంటే అక్కడ ఎక్స్‌ఎంఎల్ అనేదే మధ్యలో లేదు, లింకు నేరుగా అడ్రస్ బార్‌లోకి పోయింది. వెబ్ పేజీల్లో కూడా బ్రౌజర్లు ఇలాంటివి చూసీచూడనట్టు సర్దుకుపోతాయి. ఎక్స్‌ఎంఎల్ అలా ఒప్పుకోదు. 1998 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి స్పెసిఫికేషన్‌లోనే రాసిపెట్టారు, ఇలాంటి తప్పు ఒక్కటి కనపడినా పార్సర్ మామూలుగా ముందుకు సాగిపోకూడదు అని. అందుకే 14వ లైనులో ఒక్క & కోసం నలభై వేల ప్రొడక్టులు ఆగిపోయాయి.

చేయాల్సింది: & బదులు, & తర్వాత ఏ, ఎం, పి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, సెమికోలన్. ఇంగ్లీషులో కలిపి రాస్తే ఈ పేజీ మళ్లీ దాన్ని & గా మార్చేస్తోంది కాబట్టి &ఏఎంపి; అని తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, అందరూ ఇలాగే రాస్తే గందరగోళం ఉండదు. అంకెతో రాసే పద్ధతి కూడా ఉంది, & కోడు 38 కాబట్టి & తర్వాత # పెట్టి 38, సెమికోలన్. రెండింటికీ అర్థం ఒకటే. ఎక్స్‌ఎంఎల్‌కి పుట్టుకతో తెలిసిన ఎంటిటీలు ఐదే: &, <, >, డబుల్ కోటు, సింగిల్ కోటు. వాటిలో & ని, < ని మామూలు టెక్స్ట్‌లోనైనా, ఆట్రిబ్యూట్‌లోనైనా (ట్యాగులోనే పేరు="విలువ" అని రాసేది) మార్చి తీరాలి. కోటు అయితే ఆట్రిబ్యూట్ లోపల, అదీ ఆట్రిబ్యూట్‌ని ఏ కోటుతో మూశావో ఆ కోటుకే. > ని ]] వెనకాల వచ్చినప్పుడు తప్ప మార్చకపోయినా ఊరుకుంటుంది, కానీ మార్చేయడమే నయం.

కొత్తబ్యాచ్
అన్నా, &ఏఎంపి; అని మారిస్తే పార్ట్‌నర్‌కి వెళ్లే లింకులో ఆ ఏఎంపి అలాగే ఉండిపోదా? లింకు మారిపోయినట్టే కదా?

పాతకాపు
ఉండదు. పార్సర్ చదివి ఇచ్చేటప్పటికి అది మళ్లీ & అయిపోతుంది. మా అమ్మ ఆవకాయ పంపినట్టు అనుకో. సీసా మూత బిగించి గుడ్డ కడుతుంది, దాన్ని కవర్‌లో చుడుతుంది, ఆ కవర్‌ని అట్టపెట్టెలో పెట్టి టేపు వేస్తుంది. ఇక్కడ బెంగళూరులో నేను ముందు టేపు తీస్తా, తర్వాత కవరు, ఆఖరికి గుడ్డ. ఎన్ని చుట్లు చుట్టిందో అన్నీ విప్పితే లోపల ఆవకాయ ఆవకాయలాగే ఉంటుంది. లింకు లోపలి % రాతలు సీసా గుడ్డ లాంటివి, ఎక్స్‌ఎంఎల్ &ఏఎంపి; అట్టపెట్టె. సిగ్నల్ బ్రో అట్టపెట్టె వేయాల్సిన చోట సీసాకి రెండో గుడ్డ కట్టాడు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
సరే, ఒప్పుకుంటున్నా. కానీ %26 అనేది అసలు వాడకూడదు అన్నట్టు రాస్తున్నారు, అది కూడా తప్పే. మా దగ్గర షాపు పేరు లింకులోనే పోతుంది, శ్రీనివాస & సన్స్ లాంటివి. అక్కడ %26 పెట్టకపోతే షాపు పేరు శ్రీనివాస దగ్గరే తెగిపోయి, మిగతా సన్స్ అనేది వేరే పారామీటర్ అయిపోతుంది.

పాతకాపు
నూటికి నూరు పాళ్లు నిజం. విలువ లోపలున్న & కి %26. పారామీటర్లను విడగొట్టే & ని లింకులో అలాగే ఉంచాలి, ఎక్స్‌ఎంఎల్‌లోకి వెళ్లేటప్పుడు మాత్రం &ఏఎంపి;. ఒకే లింకులో రెండూ ఉండొచ్చు: ?షాపు=శ్రీనివాస%20%26%20సన్స్&ఏఎంపి;ఐడీ=451. % గుర్తుతో ఎక్స్‌ఎంఎల్‌కి పేచీ లేదు, దాన్ని ముట్టుకోవద్దు. లింకులో ఏ గుర్తుకి ఏ పని అనేది 2005 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3986 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉంది, అందులో & ని రిజర్వ్‌డ్ గుర్తుల్లో పెట్టారు. అంటే & వేరు, %26 వేరు, ఒకదాని బదులు ఒకటి పెడితే లింకు అర్థమే మారుతుంది.

సీమ_కోడర్
ఇంత కష్టం ఎందుకు, సీడేటాలో పెట్టేస్తే పోలేదా. ముందు <![సీడేటా[ చివర ]]> పెట్టి మధ్యలో లింకు ఎలా ఉందో అలా వదిలెయ్. పార్సర్ దాని లోపల ఏ & నీ పట్టించుకోదు. నేను ఏడేళ్లుగా ఇదే చేస్తున్నా, ఒక్కసారి కూడా తిట్లు తినలేదు.

పాతకాపు
అది తప్పని అనను. కానీ లింకు ఆట్రిబ్యూట్‌లో ఉంటే సీడేటా పనికిరాదు, ఎలిమెంట్ (మొదలు ట్యాగు నుంచి ముగింపు ట్యాగు దాకా) లోపలి టెక్స్ట్‌కే పనికొస్తుంది. లోపల ]]> వస్తే అక్కడే మూసుకుపోతుంది. ఇంకోటి, పార్ట్‌నర్ ఆ ఫైలు చదివి మళ్లీ రాసేటప్పుడు సీడేటా చుట్టు ఉంచాలని ఏమీ లేదు, మామూలు టెక్స్ట్‌గా రాయొచ్చు. అవతల ఎవరైనా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల వరుసని వెతికే నమూనా) సీడేటా వెతుకుతుంటే ఆ రోజు నుంచి వాళ్లకి ఏమీ దొరకదు.

సీమ_కోడర్
లింకులో ]]> ఎందుకు వస్తుంది అన్నా, > ని ఎలాగూ % తోనే రాయాలి కదా. ఆట్రిబ్యూట్ సంగతి ఒప్పుకుంటా. మిగతా వాటికి నా ఓటు సీడేటాకే. రాత్రి రెండింటికి ఫైలు తెరిచి కంటితో చదవాల్సి వచ్చినప్పుడు లింకు లింకులాగే కనపడుతుంది, అట్నుంచటే కాపీ చేసి బ్రౌజర్‌లో వేసుకోవచ్చు. ఆన్-కాల్‌లో ఉన్నవాడికి ఆ సుఖం తెలుస్తుంది.

గోదారి_గట్టు
సీమ కోడర్ చెప్పిన ఆ సుఖం నిజమే, నేనూ అనుభవించా. కానీ ప్రశ్న అడిగిన తమ్ముడు తన కోడ్ స్ట్రింగులు అతికించేది అన్నాడు. ఇవాళ లింకుకి సీడేటా పెడతాడు, రేపు ప్రొడక్టు పేరులో "ఉప్పు & కారం" అని వస్తుంది, ఎల్లుండి వివరణలో < వస్తుంది. ఎన్ని చోట్ల పెడతాడు? ఆ కోడ్ తీసేసి ఎక్స్‌ఎంఎల్ రైటర్ లైబ్రరీ వాడితే పోతుంది కదా. జావాలోనే స్టాక్స్ రైటర్ ఉంది, టెక్స్ట్ ఇస్తే ఏది మార్చాలో అదే మార్చి రాస్తుంది. చేత్తో ఎస్కేప్ చేసే (అంటే ఇలా గుర్తులు మార్చి రాసే) కోడ్ రాయడమే మొదటి తప్పు అని నా గట్టి నమ్మకం.

మారతహళ్లి_బ్యాచిలర్
అందరికీ థ్యాంక్స్. ఇంత చక్కగా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. కానీ గోదారి అన్న చెప్పినట్టు కోడ్ మార్చేంత టైమ్ లేదని నిన్న రాత్రి ఒక్క లైను పెట్టా, & అన్నిటినీ &ఏఎంపి; గా రీప్లేస్ చేసేలా. ఫైలు పాసైంది! పొద్దున చూస్తే చాలా లింకులు తెరుచుకుంటున్నాయి, కొన్ని మాత్రం తెరుచుకున్నా క్యాంపెయిన్ లెక్కలోకి రావట్లేదు. సర్వర్ లాగ్‌లో "ఏఎంపి;సోర్స్" అనే పేరుతో పారామీటర్ కనిపిస్తోంది. అలాంటి పేరు మేమెవరం పెట్టలేదు.

క్యూఏ_అక్క
రెండుసార్లు ఎస్కేప్ అయింది తమ్ముడూ. నీ డేటాబేస్‌లో కొన్ని లింకులు ముందే &ఏఎంపి; తో ఉన్నాయి. నీ లైను వాటిలోని & ని కూడా మార్చి &ఏఎంపి;ఏఎంపి; చేసింది. పార్సర్ ఒక చుట్టు విప్పింది, ఇంకో చుట్టు మిగిలింది. సర్వర్ & దగ్గర విడగొడితే తర్వాతి పేరు "ఏఎంపి;సోర్స్" అయింది. లాగ్‌లో ఈ పేరు కనిపిస్తే కళ్లు మూసుకుని చెప్పొచ్చు ఇదే జబ్బు అని.

కొత్తబ్యాచ్
అయితే & తర్వాత ఏఎంపి; లేకపోతేనే మార్చు అని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాస్తే సరిపోతుంది కదా?

పాతకాపు
అందరం ఆ దారిలో ఒకసారి నడిచినవాళ్లమే. వద్దు. అప్పుడు ఏ లింకు అసలుది, ఏది చుట్టినది అని కోడ్ ప్రతిసారీ ఊహించాలి. ఊహ నూటికి తొంభైతొమ్మిది సార్లు సరిపోతుంది, ఆ ఒక్కటి ఎప్పుడు తప్పుతుందో ఎవరికీ తెలియదు. డేటాబేస్‌లో లింకు ఎప్పుడూ అసలు రూపంలో ఉండాలి, బ్రౌజర్‌లో వేసే రూపం. బయటకు రాసేటప్పుడు ఆ బయట ఏదైతే దానికి తగ్గట్టు ఒక్కసారి చుట్టాలి: ఎక్స్‌ఎంఎల్ అయితే ఎక్స్‌ఎంఎల్ పద్ధతి, వెబ్ పేజీ అయితే దాని పద్ధతి. ముందు కనుక్కోవాల్సింది చుట్టిన లింకులు డేటాబేస్‌లోకి ఎవరు తోస్తున్నారు అని.

మారతహళ్లి_బ్యాచిలర్
దొరికింది. కంటెంట్ టీమ్ పాత ప్రొడక్టులకు లింకులు పేజీ సోర్స్ తెరిచి అక్కడి నుంచి కాపీ చేస్తున్నారు. పేజీ సోర్స్‌లో &ఏఎంపి; ఉండటం సరైనదే కదా, అందుకే అదే వచ్చి డేటాబేస్‌లో కూర్చుంది. అడ్రస్ బార్ నుంచి తీసుకోమని చెప్పా.

డేటా_దేవి
వెబ్ పేజీ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి, మా టీమ్ మూడు రోజులు కొట్టుకుంది దీనితో. మెయిల్‌లో లింకు టెక్స్ట్‌గా కనపడాలి, అందులో కరెన్సీ అనే పారామీటర్. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో మొదటి ఆరు అక్షరాలు ¤ గుర్తుకి హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న పేరు! పాత పేర్లకు హెచ్‌టీఎంఎల్‌లో సెమికోలన్ లేకపోయినా చెల్లుతుంది. కాబట్టి & కరెన్సీ కాస్తా ¤ అయిపోయి వెనకాల "సీ, వై" మిగిలింది. కస్టమర్లు ఆ టెక్స్ట్‌ని కాపీ చేసుకుంటే లింకు పనిచేయదు. కాపీ అనే పారామీటర్ పెడితే © వస్తుంది, రీజియన్ అని పెడితే ®. ఎక్స్‌ఎంఎల్ కోపంగా ఆగిపోతుందని తిట్టుకుంటాం కానీ, ఇలా నోరు మూసుకుని డేటా మార్చేయడం కంటే ఆగిపోవడమే మేలు అని అప్పుడే అనిపించింది.

క్యూఏ_అక్క
దేవి చెప్పిన దానికి తిరగేసిన కేసు కూడా ఉంది. హెచ్‌టీఎంఎల్‌లో రెండు వేలకు పైగా ఎంటిటీ పేర్లు ఉన్నాయి, ఎక్స్‌ఎంఎల్‌కి పాతకాపు చెప్పిన ఆ ఐదే. వెబ్ ఎడిటర్ నుంచి కాపీ చేసిన వివరణలో విడిపోని స్పేస్ ఎంటిటీ ఒకటి వస్తుంది, పేరు ఎన్‌బీఎస్‌పీ. అది ఎక్స్‌ఎంఎల్‌లో పెడితే "ఈ ఎంటిటీ ఎక్కడా చెప్పలేదు" అని మళ్లీ ఫైలంతా ఆపేస్తుంది. అంకె రూపం 160 వాడాలి, లేదా అసలు అక్షరాన్నే పెట్టాలి.

అరకు_కాఫీ
నాది పూర్తిగా తెలుగు తలనొప్పి. మా సైటు తెలుగు వార్తలది, లింకులో శీర్షిక తెలుగులోనే ఉంటుంది. సైట్‌మ్యాప్ (సెర్చ్ ఇంజిన్ల కోసం పెట్టే లింకుల జాబితా) కూడా ఎక్స్‌ఎంఎల్ ఫైలే కదా. ఎక్స్‌ఎంఎల్‌కి తెలుగు అక్షరాలతో అభ్యంతరం లేదు, యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) నేరుగా రాసుకోవచ్చు. కానీ సైట్‌మ్యాప్ నియమాల ప్రకారం లింకుని ముందు % రూపంలోకి మార్చాలి, ఆపైన ఎక్స్‌ఎంఎల్ చుట్టు. ఒక్కో తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, ఒక్కో బైటుకి % తో కలిపి మూడు గుర్తులు. "తెలుగు" అనే మాటలో గుణింతాలతో కలిపి ఆరు కోడ్లు, అంటే లింకులో 54 గుర్తులు! సైట్‌మ్యాప్‌లో ఒక లింకు 2,048 గుర్తుల కంటే తక్కువ ఉండాలి. పొడుగు శీర్షికలతో మేము ఆ హద్దు దగ్గరికి వెళ్లిపోయిన రోజులున్నాయి.

అంతకంటే పెద్ద తలనొప్పి కనపడని అక్షరం. హైదరాబాద్ అని టైపు చేస్తే కొన్ని కీబోర్డులు చివరి పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనేది ఒకటి వదిలేస్తాయి. స్క్రీన్ మీద రెండూ ఒకేలా ఉంటాయి, బైట్లు వేరు. సైట్‌మ్యాప్‌లో ఒకటి, సర్వర్‌లో ఇంకోటి. సెర్చ్ ఇంజిన్ వచ్చి పేజీ లేదని వెళ్లిపోతుంది, మేము చూస్తే రెండు లింకులూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అనిపిస్తాయి.

గోదారి_గట్టు
అరకు, అందులో ఇంకోటి కూడా చూసుకోండి, ఐత్వం. హై లో ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు పెట్టి రెండు కోడ్లుగానూ రాయొచ్చు. కంటికి తేడా ఉండదు. లింకు తయారుచేసేటప్పుడు ముందు ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేర్వేరు రాతల్ని ఒకే రూపంలోకి మార్చడం) చేసి, పదం చివరి జాయినర్లు తీసేసి, ఆ తర్వాతే % లోకి మార్చండి.

అరకు_కాఫీ
అయ్యో, ఐత్వం సంగతి తెలియదు! "మైసూరు", "సైన్యం" లాంటి శీర్షికలు పనిచేయట్లేదని రిపోర్ట్ వచ్చి ఉంది, ఎందుకో అర్థం కాక పక్కన పెట్టాం. ఇవాళే చూస్తా.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
జాయినర్లన్నీ గుడ్డిగా తీసేయకండి. సాఫ్ట్‌వేర్ లాంటి మాటలో మధ్యలో జాయినర్ తీస్తే ట కింద వ వత్తు వచ్చేస్తుంది. గోదారి చివరివే తీయమన్నాడు, అది బాగా గుర్తుపెట్టుకోండి.

కొత్తబ్యాచ్
లింకులో స్పేస్ కి %20 పెట్టాలా + పెట్టాలా? జావాలో యూఆర్‌ఎల్ ఎన్‌కోడర్ + ఇస్తోంది, జావాస్క్రిప్ట్ %20 ఇస్తోంది.

పాతకాపు
జావా వాళ్లది పేరుకి యూఆర్‌ఎల్ ఎన్‌కోడర్, చేసేది ఫారం డేటా ఎన్‌కోడింగ్. ప్రశ్నార్థకం తర్వాతి భాగంలో చాలా సర్వర్లు + ని స్పేస్‌గా చదువుతాయి కాబట్టి అక్కడ నడిచిపోతుంది. ప్రశ్నార్థకానికి ముందు, అంటే దారి భాగంలో, + అంటే + మాత్రమే. %20 అయితే రెండు చోట్లా స్పేసే. అనుమానం ఉన్నప్పుడు %20.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
+ అనగానే నా గాయం మళ్లీ రేగింది. సంతకం చేసిన లింకులు ఉంటాయి కదా, గంటలో గడువు అయిపోయేవి. ఆ సంతకం బేస్64లో (బైట్లని అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులుగా రాసే పద్ధతి) ఉంటే అందులో + లు, / లు, చివర = లు వస్తాయి, వాటిని % రూపంలో పెట్టే పంపుతారు. మా మధ్యలో ఉన్న సర్వీసు ఒకటి ఎక్స్‌ఎంఎల్ చదివాక "జాగ్రత్త కోసం" లింకుని ఒకసారి డీకోడ్ చేసేది. అప్పుడు సంతకంలోని % రాత + అయిపోయింది, తర్వాతి సర్వర్ ఆ + ని స్పేస్‌గా చదివింది, సంతకం కలవలేదు. సంతకంలో + లేని రోజు పనిచేసేది, ఉన్న రోజు పనిచేసేది కాదు. పది సార్లు ప్రయత్నిస్తే ఆరు సార్లు పాస్. నెట్‌వర్క్ మీద అనుమానంతో వారం పోయింది.

క్యూఏ_అక్క
ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయకపోతే డేటాలో ఏ అక్షరం మారుతోందో ముందు చూడాలి. నెట్‌వర్క్‌ని తర్వాత తిట్టొచ్చు.

మారతహళ్లి_బ్యాచిలర్
గోదారి అన్న మాట విన్నా. స్ట్రింగులు అతికించే కోడ్ తీసేసి స్టాక్స్ రైటర్ పెట్టా, దాదాపు రెండు వందల లైన్లు పోయి అరవై లైన్లయింది. డేటాబేస్‌లో చుట్టి ఉన్న లింకుల్ని ఒకసారి శుభ్రం చేశా. పార్ట్‌నర్ వైపు అన్నీ లోడ్ అయ్యాయి! కానీ ఇప్పుడు కొత్తది. అదే ఫైలుని మా మొబైల్ యాప్ టీమ్ కూడా చదువుతుంది. వాళ్ల యాప్‌లో లింకు బదులు "క్యాంపెయిన్=దసరా" అనే తోక ఒక్కటే కనిపిస్తోంది. ఫైల్లో లింకు పూర్తిగా ఉంది, నేను నా కళ్లతో చూశా. వాళ్లేమో నీ ఫైలే తప్పంటున్నారు.

గోదారి_గట్టు
నీ ఫైలు కరెక్టే, ధైర్యంగా ఉండు. వాళ్లు సాక్స్ పార్సర్ వాడుతున్నారా అని అడుగు.

మారతహళ్లి_బ్యాచిలర్
అవును, సాక్స్ అంట. ఎలా కనిపెట్టారు అన్నా?

గోదారి_గట్టు
ఆ తోకే చెప్పింది. సాక్స్‌లో ఒక ఎలిమెంట్ లోపలి టెక్స్ట్ అంతా ఒకేసారి చేతికి వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు. ముక్కలుగా ఇవ్వొచ్చు అని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. ఎంటిటీ వచ్చిన చోట ముక్క చేయడం చాలా పార్సర్లకు అలవాటు. నీ లింకు వాళ్లకి ఐదు ముక్కలుగా వస్తోంది: ఐడీ వరకు ఒకటి, & ఒకటి, సోర్స్ ఒకటి, మళ్లీ &, ఆఖరికి క్యాంపెయిన్. వాళ్ల క్యారెక్టర్స్ ఫంక్షన్‌లో వచ్చిన ముక్కని వేరియబుల్‌లో పెట్టేస్తున్నారు, ముందున్నది తుడిచిపెట్టుకుపోతోంది. చివరిది మిగులుతోంది. ఎలిమెంట్ మొదలైనప్పుడు ఒక ఖాళీ స్ట్రింగ్ బిల్డర్ పెట్టుకుని, వచ్చిన ప్రతి ముక్కనీ దానికి తగిలించి, ఎలిమెంట్ ముగిసినప్పుడే లింకుగా తీసుకోవాలి. & లేని రోజుల్లో మొత్తం ఒక్క ముక్కగా వచ్చేది కాబట్టి రెండేళ్లు పనిచేసింది. పెద్ద ఫైల్లో బఫర్ అంచు మీద పడితే & లేకపోయినా ముక్కలవుతుంది, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు వాళ్లకు ఇది తగిలేదే.

సీమ_కోడర్
ఇది సీడేటాలో పెట్టి ఉంటే బయటపడేది కాదు చూశారా.

గోదారి_గట్టు
బయటపడకపోవడం మంచిదా అన్నదే నా ప్రశ్న. వాళ్ల కోడ్‌లో తప్పు అలాగే ఉండేది.

సీమ_కోడర్
మంచిది కాదు, ఒప్పుకున్నా. కానీ శుక్రవారం సాయంత్రం బస్సున్నవాడికి మంచిదే.

డేటా_దేవి
టెర్మినల్‌లో ఈ లింకుల్ని పరీక్షించేవాళ్లకి ఒక మాట. కర్ల్‌కి (లింకు తెరిచి చూసే కమాండ్) లింకు ఇచ్చేటప్పుడు కోట్ గుర్తుల మధ్య పెట్టండి. లేకపోతే షెల్ & ని చూసి అక్కడిదాకా బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపేసి, మిగతాదాన్ని వేరే కమాండ్ అనుకుంటుంది. మీకు ఐడీ వరకే వెళ్లిన జవాబు వస్తుంది, సర్వర్ తప్పనుకుంటారు. సెడ్‌తో (టెక్స్ట్ మార్చే కమాండ్) రీప్లేస్ చేసేవాళ్లు కూడా చూసుకోండి, మార్పు భాగంలో & అంటే "దొరికిన మాట మొత్తం" అని దానికి అర్థం, ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి.

కొత్తబ్యాచ్
ప్రతి చోటా ఈ & కే ఎందుకు ఇన్ని పనులు అప్పజెప్పారో. లింకుల్లో వేరే గుర్తు పెట్టి ఉండొచ్చు కదా.

పాతకాపు
ఆ ఆలోచన పెద్దవాళ్లకీ వచ్చింది. 1999లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.01 అనుబంధంలో, లింకుల్లో & బదులు సెమికోలన్‌ని కూడా ఒప్పుకునేలా సర్వర్లు రాయండి అని సలహా ఇచ్చారు, సరిగ్గా ఈ ఎస్కేప్ బాధ తప్పించడానికే. కొందరు పాటించారు, లోకం మొత్తం మారలేదు. ఇప్పుడు దాని మీద ఆధారపడొద్దు.

క్యూఏ_అక్క
అందరూ వాళ్ల వాళ్ల గాయాలు చెప్పారు కాబట్టి నేను వాడే పరీక్ష ఇస్తా. ఉత్తుత్తి ప్రొడక్టు ఒకటి పెట్టుకోండి, దాని లింకులో పారామీటర్లు నాలుగైనా ఉండాలి. ఒక విలువలో %26, ఒకదాంట్లో %20, ఒకదాంట్లో + ని % రూపంలో, ఒకదాంట్లో తెలుగు మాట, అదీ ఐత్వం ఉన్నది. సింగిల్ కోటు ఒకటి తప్పకుండా, ఎందుకంటే జావాస్క్రిప్ట్‌లో కాంపొనెంట్ ఎన్‌కోడర్ కూడా దాన్ని మార్చకుండా వదిలేస్తుంది, ఆట్రిబ్యూట్‌ని సింగిల్ కోటుతో మూసేవాళ్లకి అక్కడ పగులుతుంది. చివర # తో ఒక ముక్క. ఇంకో ప్రొడక్టులో & ఏ ఒక్కటీ లేని లింకు. ఫైలు రాసి, వేరే భాషలోని పార్సర్‌తో చదివి, వచ్చిన లింకుని డేటాబేస్‌లోని లింకుతో బైటు బైటు పోల్చండి. కంటితో పోల్చొద్దు, అరకు చెప్పిన జాయినర్ కంటికి దొరకదు.

ఇంకో సంగతి, వేరే భాష పార్సర్ అని ఎందుకన్నానంటే రాసేదీ చదివేదీ ఒకే కోడ్ అయితే రెండు వైపులా ఒకే తప్పు చేసి పాసైపోతుంది.

మారతహళ్లి_బ్యాచిలర్
అక్కా, ఇది మా బిల్డ్‌లోనే పెట్టేశా. ఫీడ్ పంపే ముందు పైథాన్‌తో చదివి పోలుస్తుంది, తేడా ఉంటే పంపకుండా ఆగిపోతుంది. యాప్ టీమ్ వాళ్లు స్ట్రింగ్ బిల్డర్ పెట్టారు, లింకులు పూర్తిగా వస్తున్నాయి. గోదారి అన్న రాసింది అట్నే కాపీ చేసి వాళ్లకి పంపా, వాళ్లే ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పారు. నేను మడివాళలో బస్సు ఎక్కేశా, ఇది దారిలోంచే రాస్తున్నా.

సీమ_కోడర్
హమ్మయ్య. ఊళ్లో మీ అమ్మగారి చేతి ఆవకాయ ఉంటే పాతకాపుకి ఒక సీసా తీసుకురా, ఉదాహరణ ఆయనదే కదా.

కొత్తబ్యాచ్
అక్క చెప్పిన పరీక్ష మా ప్రాజెక్టులో నడిపి చూశా. & పాస్, తెలుగు పాస్. + ఉన్న లింకు ఫెయిల్, సింగిల్ కోటు ఉన్నది ఫెయిల్. రెండూ ప్రొడక్షన్‌లో ఆర్నెల్ల నుంచి నడుస్తున్నాయి.

క్యూఏ_అక్క
+ ది ముందు చూడు. మధ్యలో ఎవరు డీకోడ్ చేస్తున్నారో వెతుకు, సిగ్నల్ రాసిన పోస్టు ఇంకోసారి చదువు.

కొత్తబ్యాచ్
చదువుతున్నా అక్కా. మా దగ్గరా "జాగ్రత్త కోసం" అనే కామెంట్‌తోనే ఒక డీకోడ్ ఉంది.